చొక్కా గుండీతో మొదలుపెట్టండి: ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏమిటో, అది మీకు సరిపడే పనో కాదో తెలుసుకునే దారి

ఇది చదివే ముందు ఒక చిన్న పని చేయండి. ముందువైపు గుండీలున్న చొక్కా ఒకటి తీసుకోండి. మీరు రాసే చేతిని ఒంటికి ఆనించి పెట్టి, అది లేదనుకోండి. రెండో చేత్తోనే చొక్కా తొడుక్కుని, మూడు గుండీలు పెట్టండి. ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసుకోండి.

చాలామంది మొదటి గుండీ దగ్గరే ఆగిపోతారు. కాజా అంచు పట్టుకునే చెయ్యి లేదు కాబట్టి గుడ్డ జారిపోతూనే ఉంటుంది. గడ్డం దించి చూడాలి, మెడ నొప్పి పుడుతుంది, చిరాకు వస్తుంది. పక్కన ఎవరైనా ఉంటే "ఉండు, నేను పెడతాను" అని చెయ్యి చాపుతారు. ఆ చిరాకు, ఆ చాపిన చెయ్యి, రెండూ గుర్తుపెట్టుకోండి. నా ఉద్యోగమంతా ఆ రెండిటి మధ్యే నడుస్తుంది.

నేను పదహారేళ్లుగా ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మొదట నరాల జబ్బుల వార్డులో, తర్వాత కొన్నేళ్లు పిల్లల దగ్గర, ఇప్పుడు మళ్లీ పక్షవాతం వచ్చినవాళ్ల దగ్గర, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల దగ్గర. ఈ కోర్సులో చేరొచ్చా అని అడిగే పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఫోన్లో విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలన్నీ ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను.

పేరు దగ్గరే తడబాటు

ఆక్యుపేషనల్ థెరపీని మేం పొట్టిగా ఓటీ అంటాం. కానీ ఆసుపత్రిలో "ఓటీ" అంటే అందరికీ ఆపరేషన్ థియేటరే గుర్తొస్తుంది. పోనీ తెలుగులో వృత్తి చికిత్స అందామంటే, ఉద్యోగాలు ఇప్పించే శాఖేమో అనుకుంటారు. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే జీతం తెచ్చే పని ఒక్కటే కాదు. మనిషి తన రోజును దేనిదేనితో నింపుకుంటాడో అదంతా ఆక్యుపేషనే. పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, వంట, లెక్కలు చూసుకోవడం, బస్సెక్కడం, మనవరాలితో ఆడుకోవడం, రాత్రి సరిగ్గా నిద్రపోవడం. పసిపిల్లకి ఆటే ఆక్యుపేషన్. బడి పిల్లవాడికి పెన్సిల్ పట్టుకోవడం, క్లాసులో కుదురుగా కూర్చోవడం. జబ్బు వల్లో, దెబ్బ వల్లో, పుట్టుకతో వచ్చిన ఇబ్బంది వల్లో, వయసు వల్లో, మనసు బాగోకపోవడం వల్లో ఆ పనులు చేయలేకపోతున్న మనిషి వాటిని మళ్లీ చేసుకునేలా చూడటం, లేదా మొదటిసారి నేర్చుకునేలా చూడటం మా పని.

ఫిజియోథెరపీకీ దీనికీ తేడా ఏమిటన్నది తప్పకుండా వచ్చే ప్రశ్న. భుజం విరిగి అతుక్కున్న మనిషిని తీసుకోండి. ఆ కీలు ఎంతవరకు లేస్తోంది, కండరానికి బలం ఎంత వచ్చింది అని ఫిజియోథెరపిస్టు ముందు చూస్తారు. ఆ చెయ్యి వెనక్కి వెళ్లి జడ అల్లుకోగలదా, పై అరలోని డబ్బా దించగలదా అని నేను చూస్తాను. మధ్యలో మా పనులు కలిసిపోతాయి, ఒకే గదిలో ఒకే పేషెంటుతో ఇద్దరం పనిచేసే రోజులూ ఉంటాయి. ఎవరు ఎక్కువ అన్న వాదన అనవసరం. మంచి ఫిజియో లేని చోట నా పని సగం కుంటుపడుతుంది.

ఈ వృత్తి ఎక్కడ పుట్టిందో కూడా కొంచెం తెలుసుకోవడం మంచిది. 1917 మార్చిలో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో కొద్దిమంది కలిసి దీనికోసం మొదటి సంఘం పెట్టారు. వాళ్లను పిలిచిన జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ వైద్యుడు కాదు, భవనాలు గీసే ఆర్కిటెక్టు. క్షయ వచ్చి, పాదంలో కొంత భాగం తీసేసి, ఎడమవైపు చచ్చుబడిన మనిషి. తోటపనీ వడ్రంగం పనీ చేసుకుంటూ కోలుకున్నాడు. అంటే ఈ ఆలోచన ఒక పేషెంటు అనుభవంలోంచి కూడా వచ్చింది. ఆయనతోపాటు ఉన్న ఎలియనర్ క్లార్క్ స్లేగిల్ మానసిక రోగులకు రోజువారీ అలవాట్లు తిరిగి నేర్పించే పద్ధతిని తయారుచేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులతో ఈ పని పెరిగింది. 1952లో ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య ఏర్పడింది. ఏటా అక్టోబర్ 27న ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపీ దినం జరుపుకుంటాం.

పనిని విప్పి చూడటం నేర్చుకోండి

మా చదువులో మొదట నేర్పేదీ, చివరిదాకా పనికొచ్చేదీ ఇదే. దీన్ని యాక్టివిటీ అనాలిసిస్ అంటాం. కాలేజీలో చేరకముందే ఇంట్లో కూర్చుని చేసి చూడొచ్చు. ఈ వృత్తి మీకు నచ్చుతుందో లేదో చెప్పడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

ఇందాకటి గుండీనే విప్పుదాం. కూర్చోవాలి, పడిపోకుండా నడుము నిలబడాలి. రెండు చేతులూ ఛాతీ ముందుకి వచ్చి కలిసి పనిచేయాలి, కానీ ఒకే పని కాదు: ఒకటి కాజా అంచు బిగించి పట్టుకుంటుంది, ఇంకొకటి గుండీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పక్కకి వాల్చి తోస్తుంది. సగం దాటాక ఆ చెయ్యి వదిలేయాలి, అవతలి చెయ్యి అందుకుని లాగాలి. ఆ చేతులు మారే క్షణమే కష్టం. అది కంటికి కనిపించదు, గుండీ అప్పటికి గుడ్డ వెనక ఉంటుంది. వేళ్లకి స్పర్శ ఉండాలి. ఏ గుండీ ఏ కాజాదో కన్ను సరిచూడాలి. ఐదో గుండీ వరకూ ధ్యాస నిలవాలి. ఇన్నిట్లో ఏ ఒక్కటి పోయినా గుండీ పడదు. అందుకే "గుండీ పెట్టుకోలేకపోతున్నాడు" అంటే నాకు ఇంకా ఏమీ తెలియనట్టే. వేళ్ల బలం పోయిందా, స్పర్శ పోయిందా, లేక మెదడు కుడిభాగం దెబ్బతిని ఎడమవైపు ఉన్నదే అతని ధ్యాసలోకి రావడం లేదా? ఆ చివరి రకం వాళ్లు కంచంలో కుడి సగం తిని ఎడమ సగం అలాగే వదిలేస్తారు. వాళ్లకి వేళ్ల వ్యాయామం ఎన్ని వారాలు చేయించినా గుండీ పడదు.

ఎక్కడ తెగిందో తెలిశాక మా ముందు మూడు దారులుంటాయి. పోయిన శక్తిని తిరిగి తెచ్చుకోవడం. లేదా పని చేసే తీరు మార్చడం. లేదా వస్తువునో చోటునో మార్చడం. ఒక చెయ్యి పడిపోయిన మనిషికి చొక్కా వేసుకునేటప్పుడు ఆ బలహీనమైన చేతినే ముందు దూర్చమని నేర్పిస్తాం. విప్పేటప్పుడు దాన్నే చివరగా తీయాలి. కంటికి బాగా కనిపించే కింది గుండీ నుంచి పైకి వెళ్లాలి. పిడికి తీగ ఉచ్చు బిగించిన గుండీ కొక్కెం ఉంటుంది, దాన్ని కాజాలోంచి దూర్చి గుండీకి తగిలించి లాగితే ఒక చేత్తోనే పడుతుంది. ముంజేతి గుండీని సాగే దారంతో కుట్టేస్తే అసలు విప్పే పనే ఉండదు. కొందరికి గుండీలన్నీ పైన అందానికి కుట్టి, వెనక వెల్క్రో పెట్టిస్తాం. ఆఫీసుకు వెళ్లే మనిషైతే తన చొక్కా అందరి చొక్కాల్లాగే కనిపించాలి, ఆ సంగతి మర్చిపోకూడదు.

పిల్లల దగ్గర ఇంకో పద్ధతి ఉంది. చొక్కా తొడుక్కోవడం పది మెట్ల పని అనుకోండి. తొమ్మిది మెట్లు మనం చేసి, చివరిగా కిందికి లాగే ఒక్కటి పిల్లవాడికి వదిలేస్తాం. అది వచ్చాక చివరి రెండు. ఇలా వెనక నుంచి ముందుకి. మొదటి రోజు నుంచే పని పూర్తిచేసింది వాడే అవుతాడు. ఆ ముఖం చూడటానికి నేను ఎన్నిసార్లయినా నేలమీద కూర్చుంటాను.

ఇంకొకటి, మీ చేతిమీదే చూసుకోండి. చెయ్యి వదులుగా పెట్టి మణికట్టును వెనక్కి వంచండి. వేళ్లు వాటంతటవే కాస్త ముడుచుకుంటాయి. మణికట్టు వాల్చేస్తే తెరుచుకుంటాయి. మెడ దగ్గర వెన్నుపాము ఆరో భాగంలో దెబ్బతిన్నవాళ్లకి వేళ్లు కదలవు, కానీ మణికట్టు వెనక్కి వంగుతుంది. ఆ ఒక్క కదలికతో చెంచా పట్టుకోవచ్చు, కాగితం తీయొచ్చు. ఇది తెలియక, ప్రేమకొద్దీ ఇంట్లోవాళ్లు రోజూ మణికట్టు వెనక్కి వంచి, వేళ్లు కూడా తిన్నగా సాగదీస్తూ ఉంటారు. వేళ్లను ముడిచే స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) సాగి వదులైపోతే ఆ పట్టు పోతుంది. మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఈ మాట వాళ్లకు చెప్పి ఉండాలి. ఆ ఎవరో ఒకరు మేమే.

మీరు మూడు పనులు ఎంచుకోండి: షూ లేసు కట్టుకోవడం, తాళం తీయడం, తల దువ్వుకోవడం. ఒక్కోదానికీ ఒక పేజీ రాయండి. ఏ చెయ్యి ఏం చేస్తోంది, కన్ను ఎక్కడుంది, ఏ క్షణంలో తప్పు జరగొచ్చు. రెండో పేజీకే విసుగొస్తే అది కూడా తెలుసుకోవాల్సిన సంగతే, ముందే తెలిసింది కాబట్టి మంచిదే. మూడు పేజీలయ్యాక నాలుగోది రాయాలనిపిస్తే ఈ కింది భాగం శ్రద్ధగా చదవండి.

నేను చేసిన తప్పు

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. పక్షవాతంతో కుడిచెయ్యి బలహీనపడిన పెద్దావిడ ఒకరు నా దగ్గరికి వచ్చారు. జుట్టు దువ్వుకోవడం నేర్పాలని నేనే నిర్ణయించేశాను. దువ్వెన పిడికి ఫోం చుట్టాను, అద్దం ఎత్తు సరిచేశాను, రెండు వారాలు చేయించాను. ఆవిడ చెప్పినట్టల్లా చేసేవారు కానీ మనసు పెట్టేవారు కాదు. నోట్సులో "ఆసక్తి తక్కువ" అని రాశాను. ఆ రెండు మాటలు రాసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒకరోజు చక్రాల కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్తుంటే బాత్రూమ్ తలుపు దగ్గర ఆపమన్నారు. "ఈ గడియ లోపల్నుంచి నేనే పెట్టుకోగలిగితే చాలమ్మా. రోజూ తలుపు ఓరగా తీసిపెట్టి బయట ఎవరో ఒకరు నిలబడుతున్నారు" అన్నారు.

మర్నాటి నుంచి పని మారింది. ఒక చెక్కకి అదే రకం గడియ బిగించి, అదే ఎత్తులో గోడకి పెట్టాం. నిలబడి ఎడంచేత్తో ఆసరా కడ్డీ పట్టుకోవడం, కుడిచేతి వేళ్లతో గడియను పక్కకి లాగడం. లోపల పడిపోతే ఎలా అన్న భయం ఇంట్లోవాళ్లది, అది సరైన భయమే. అందుకని బయటినుంచి కూడా తీయగలిగే గడియ ఇంటికి పెట్టించాం, పిడి పొడవుగా ఉండేది. తొమ్మిదో రోజున ఆవిడ లోపలికి వెళ్లి గడియ వేసుకున్నారు. ఆ చప్పుడు వినడానికి ఆవిడ కూతురు, నేను బయట నిలబడ్డాం. తర్వాత జుట్టు దువ్వుకోవడం ఆవిడే అడిగి నేర్చుకున్నారు.

మనిషినే అడగడానికి మా దగ్గర పద్ధతులు ఉన్నాయి. 1991లో వచ్చిన కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్‌లో, తనకు ఏ పనులు ముఖ్యమో పేషెంటే చెబుతారు, ఎంత ముఖ్యమో పదికి మార్కులు వేస్తారు. ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నారో, దాంతో ఎంత తృప్తిగా ఉన్నారో కూడా వాళ్లే మార్కులు వేస్తారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ వేయిస్తాం. అది నేను కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. మంచం పక్కన కూర్చున్నప్పుడు మాత్రం అడగలేదు. మీరు అడగండి.

చదువు, అనుమతి

చదవాల్సింది తక్కువేమీ కాదు. శరీర నిర్మాణం, శరీరధర్మం, కదలికల శాస్త్రం, నరాల జబ్బులు, ఎముకల జబ్బులు, మనస్తత్వ శాస్త్రం, మానసిక వైద్యం, పిల్లల ఎదుగుదల. సైన్సు మీద భయం ఉన్నవాళ్లకి మొదటి ఏడాది టెన్షన్ తప్పదు. అయితే కండరాల పేర్లు బట్టీ పట్టకుండా ఏదో ఒక పనితో కలిపి చదివితే నిలుస్తాయి. నేను ముంజేతి కండరాలన్నీ తాళం తిప్పుతూ నేర్చుకున్నాను.

చేతిపని కూడా నేర్చుకోవాలి. స్ప్లింట్ల (చేతిని సరైన కోణంలో నిలిపి ఉంచే తొడుగుల) కోసం వాడే ప్లాస్టిక్ షీటు సుమారు 70 డిగ్రీల వేడినీళ్లలో మెత్తబడుతుంది. తీసి తుడిచి, మీ చర్మం మీద వేడి చూసుకుని, పేషెంటు చేతికి తొడగాలి. గట్టిపడే లోపు ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో మణికట్టు ఏ కోణంలో ఉండాలో అక్కడ నిలపాలి, ఎముక పొడుచుకొచ్చిన చోట ఒరుసుకోకుండా చూడాలి. కుట్టుపని, వడ్రంగం, బొమ్మలు చేయడం వచ్చినవాళ్లు ఇక్కడ త్వరగా అందుకుంటారు.

కోర్సు ఎంతకాలం, ఏ స్థాయిలో అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. చాలా దేశాల్లో బ్యాచిలర్ డిగ్రీతో పనిలోకి రావచ్చు. అమెరికా, కెనడాల్లో మాస్టర్స్ స్థాయి కావాలి. ఎక్కడైనా సరే, చేరే ముందు రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, ఆ కోర్సు చదివితే మీరు పనిచేయాలనుకున్న చోట రిజిస్ట్రేషన్ ఇస్తారా లేదా. రెండు, ప్రపంచ సమాఖ్య ఆమోదించిన కోర్సుల జాబితాలో అది ఉందా. సమాఖ్య ప్రమాణం ప్రకారం చదువులో కనీసం వెయ్యి గంటలు పేషెంట్ల దగ్గర ఫీల్డ్‌వర్క్ చేయాలి. ఆ గంటలు ఎక్కడెక్కడ చేయిస్తారు, ఎవరు పక్కన ఉండి నేర్పుతారు అని కాలేజీని అడగండి. పిల్లలు, పెద్దలు, మానసిక ఆరోగ్యం, మూడూ తగిలేలా ఉంటే మంచిది. భవనాల కంటే ఈ జవాబే ముఖ్యం.

పని దొరికే చోట్లు చాలానే ఉన్నాయి: ఆసుపత్రులు, పునరావాస కేంద్రాలు, బడులు, పిల్లల క్లినిక్‌లు, మానసిక ఆరోగ్య కేంద్రాలు, చేతి శస్త్రచికిత్స విభాగాలు, వృద్ధుల ఇళ్లు, కుర్చీలూ బల్లలూ పనివాళ్లకు సరిపోయేలా చూసే ఫ్యాక్టరీలు, ఆఫీసులు. జీతాలు చోటును బట్టి బాగా తేడాగా ఉంటాయి, కాబట్టి ఒక్కరినే అడిగి నిర్ణయించుకోవద్దు. కొత్తగా చేరినవాళ్లని ఒకరిని, పదేళ్లు దాటినవాళ్లని ఒకరిని, సొంతంగా క్లినిక్ పెట్టుకున్నవాళ్లని ఒకరిని అడగండి.

కష్టాలు దాచను. ఫలితం నెమ్మదిగా వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడంలో పద్ధతి తప్పితే మీ నడుమే పోతుంది. రాతపని సాయంత్రాల్ని తినేస్తుంది. "ఆడిస్తున్నారంతేగా" అనే మాట వినాలి, ఓపికగా వివరించాలి. అన్నిటికంటే కష్టమైనది చేతులు కట్టుకుని కూర్చోవడం. పేషెంటు నాలుగో గుండీతో పెనుగులాడుతూ ఉంటాడు, నుదుట చెమట పడుతుంది, గోడవతల ఇంకో ముగ్గురు మీ కోసం ఎదురుచూస్తుంటారు. మీరు రెండు సెకన్లలో పెట్టేయగలరు. పెట్టకూడదు. ఎప్పుడు మోచేతికి చిన్న ఆసరా ఇవ్వాలి, ఎప్పుడు ఒక్క మాట చాలు, ఎప్పుడు నిజంగా అలిసిపోయాడు కాబట్టి ఆపేయాలి అన్నది తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఒకరోజు వెళ్లి చూసి రండి

చేరే ముందు కనీసం రెండు వేర్వేరు చోట్ల ఒక్కో రోజు కూర్చుని చూడటానికి అనుమతి అడగండి. వివరంగా ఉత్తరం రాసి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. పేషెంట్ల ఫొటోలు తీయొద్దు, పేర్లు రాసుకోవద్దు, మూలన కూర్చోండి. పరికరాల మీద కాకుండా థెరపిస్టు చేతుల మీద కన్ను పెట్టండి. ఆ చేతులు ఎంతసేపు పని చేస్తున్నాయి, ఎంతసేపు ఆగి ఉన్నాయి? పేషెంటుతో మాట్లాడేటప్పుడు థెరపిస్టు ఎదురుగా కూర్చుంటున్నారా, తల మీంచి ఇంట్లోవాళ్లతో మాట్లాడుతున్నారా? గదిలో గుండీలు, తాళాలు, గిన్నెలు, పెన్సిళ్లు, మెట్లు ఉన్నాయా, లేక వ్యాయామం బల్లలే ఉన్నాయా?

మధ్యలో వీలు చూసుకుని, థెరపిస్టు అనుమతితో, బయటికొస్తున్న పేషెంటును ఒక్క మాట అడగండి: "ఇవాళ ఏం చేశారండీ?" "చెయ్యి ఇరవైసార్లు పైకెత్తించారు" అంటే ఇంకో చోటు కూడా చూడండి. "స్నానాల గదిలో కుళాయి తిప్పాను, రేపు ఇంట్లో ప్రయత్నిస్తాను" అంటే, ఫీల్డ్‌వర్క్‌కి మిమ్మల్ని అక్కడికి పంపగలరేమో కాలేజీని అడగండి.